బతికున్న కొర్రమేను

"కొట్టకు!"

సూర్యావతి వేసిన కేకకి చేపలమ్మే ఆవిడ చేతిలోని చెక్క దుడ్డు గాలిలోనే ఆగిపోయింది. దాని కింద, తడి చెక్క మీద, మోచేతి పొడవున్న కొర్రమేను నోరు తెరిచి మూసింది. రెప్పపాటు ఆలస్యమైతే దాని తల చితికిపోయేది.

"ప్రాణంతోనే ఇవ్వు. ప్రాణంతోనే పట్టుకెళ్తాను," అంది సూర్యావతి బర్మా భాషలో.

చేపలావిడ ఆమెను ఎగాదిగా చూసింది. దుడ్డు పక్కన పడేసి, రెండు చేతులూ జోడించి ఏదో గొణుక్కుని, కొర్రమేనును ఎత్తి బకెట్టులో వేసింది. చేపలు అమ్ముకునే మనిషి తనకి దణ్ణం ఎందుకు పెట్టిందో ఆలోచించే తీరిక సూర్యావతికి లేదు. బకెట్టు మీద తడి గోనె కప్పి, తాడు బిగించి, మొగుడి చేతిలో పెట్టింది.

కన్నారావు బకెట్టు ఎత్తి చూసి మొహం ముడుచుకున్నాడు. లోపల్నుంచి కొర్రమేను ధన్‌మని ఒక్క తోపు తోసింది.

"ఒలే సూరీ, సచ్చిన సేపైతే సంచిలో ఏసుకుని ఊపుకుంటా ఎల్లిపోదుం గదా. దీన్ని పెళ్ళికొడుకునాగ మొయ్యాలేటి?"

"కొర్రమేను పొయ్యెలిగించాకే సావాల మావా. దారిలో సచ్చిన సేపకీ కత్తిపీట మీద సచ్చిన సేపకీ రుసి ఒకటేనేటి?"

"తేడా ఎవుడు సెప్తాడు? సేప సెప్తాదా?"

"తిన్నోళ్ళ నాలిక సెప్తాది. నడు."

ఆ నాలుక ఎవరిదో ఇద్దరికీ తెలుసు. అందుకే కన్నారావు బకెట్టు సర్దుకుని కదిలాడు.

సూర్యావతికి నలభై ఆరేళ్ళు. చౌక్తడా పేట ఆఫీసుల్లో పనిచేసే గుమస్తాలకి ఎన్నో ఏళ్ళుగా మధ్యాహ్నం కేరేజీలు కట్టి పంపుతోంది. వంటిల్లు నాలుగో అంతస్తులో. లిఫ్టు లేని పాత మేడ. బియ్యం బస్తా, బొగ్గుల మూట, నీళ్ళ డబ్బా, అన్నీ మనిషి వీపు మీదే పైకెక్కాలి. వండినవన్నీ మళ్ళీ ఆ మెట్ల మీదుగానే దిగాలి. రేవులో క్రేను నడిపి మానేసిన దగ్గర్నుంచి ఆ మోత పని కన్నారావుదే. కిందటి వేసవిలో ఆయన మోకాలు మొరాయించింది. నేల మీద ఒక గది దొరక్కపోతే కేరేజీల పని ఈ ఏడాదితో సరి.

గది ఉంది. తమ మేడ దగ్గరి రాళ్ళ సందు అనే వీధిలో, వీధిలోకి తెరుచుకునే షట్టరుతో, వెనక నీళ్ళ కుళాయితో, సూర్యావతి కలలో కొలుచుకున్నట్టే ఉంది. దాని యజమానురాలు దౌ ఖిన్ న్వే. జీవితమంతా బడిలో లెక్కలు చెప్పిన మనిషి. పంతులమ్మ కాబట్టి ఆ పేటంతా ఆవిడని 'సయామా' అనే పిలుస్తుంది. అదే గది కోసం ఫోన్లు బాగుచేసే కో జో కూడా ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడు.

సయామా బేరాలు ఆడలేదు. సూర్యావతిని పిలిచి ఒకటే చెప్పింది: "నీ చేపల పులుసు గురించి ఊరంతా చెబుతారు. పౌర్ణమి ముందు రోజు మధ్యాహ్నం నాకు వండి పెట్టు. పౌర్ణమి నుంచి నేను కొన్నాళ్ళు నీచు ముట్టను. పౌర్ణమి పొద్దున్న మీ ఇద్దరిలో ఒకరికి తాళం ఇచ్చేస్తాను."

పౌర్ణమి శనివారం. ఈరోజు శుక్రవారం. అందుకే ఈ కొర్రమేను, అందుకే ఈ పూట కేరేజీలకి సెలవు.

పబేడాన్ వీధుల్లో గొడుగులూ భుజాలూ తప్ప మరేమీ కనిపించడం లేదు. అప్పుడే మొదలైన వాన రేకుల మీద టపటపలాడుతోంది. టాక్సీవాడొకడు ఆగాడు గానీ, బకెట్టులో చప్పుడు విని అద్దం పైకెత్తేసి వెళ్ళిపోయాడు. సూర్యావతి కూరల బుట్టను నడుము మీదికి ఎక్కించుకుంది. లేత వంకాయలు, ములక్కాడలు, చిన్న ఉల్లిపాయలు, చింతపండు, కరివేపాకు, తెలిసిన కొట్లో కట్టించుకున్న ఆవాలూ మెంతులూ ఎండుమిరపకాయలూ. చేపల పులుసు ఒక్కటే చాలదు కదా, పక్కన ఏదో కూర ఉండాలి. రెండో చేతిలో గొడుగు. వెనక కన్నారావు, బకెట్టు బరువుకి ఒక పక్కకి ఒరిగి, మోకాలు చూసుకుంటూ.

"జరగండి బాబూ, జరగండి! లోపల దొరగారున్నారు!" అని తెలుగులో అరుస్తూ దారి చేసుకుంటున్నాడు. ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ జరుగుతున్నారు.

సూలే పగోడా దగ్గర రోడ్డు దాటడానికి నానా అవస్థా పడ్డారు. ఎప్పుడూ లేనంత జనం. మట్టిరంగు బట్టలు కట్టి, చేతుల్లో పూలూ అరటి గెలలూ పట్టుకుని ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా వెళ్తున్నారు. మైకులో భిక్షువు గొంతు.

"ఏటీ జనం? పెళ్ళేటి?" అన్నాడు కన్నారావు.

"ఎవుళ్ళ పెళ్ళైతే మనకేటి మావా! కరెంటు పోయీలోగా మసాలా రుబ్బాల. నడు, నడు!"

నడిచారు. సందు తర్వాత సందు. వాన ముదిరింది.

రాళ్ళ సందు పాత గిడ్డంగుల మధ్య నుంచి ఏటివైపు పల్లంగా దిగుతుంది. నేల మీద పరిచిన నల్లరాళ్ళు అరిగి అరిగి రొట్టెల్లా ఉబ్బెత్తుగా ఉంటాయి. సరుకు లేకుండా వచ్చే ఓడలు అడుగున బరువు కోసం వేసుకొచ్చిన రాళ్ళవి అని కన్నారావు తాత చెప్పేవాడట. ఆయనదీ రేవు పనే. ఎండలో ఆ రాళ్ళు పాదాలు కాలుస్తాయి. వానలో సబ్బు బిళ్ళలు.

సూర్యావతి చెప్పులు విడిచి బుట్ట చెవికి తగిలించి, రాళ్ళ మధ్య వేళ్ళు నాటుకుంటూ దిగుతోంది. సయామా ఇల్లు సందు మధ్యలో. దాన్ని దాటి మలుపు తిరిగితే తమ మేడ. వచ్చేసినట్టే.

టప్!

బకెట్టు తీగ ఒక వైపు ఊడింది. బకెట్టు పక్కకి ఒరిగి, రాయికి కొట్టుకుని, గోనెతో సహా తిరగబడింది. నీళ్ళన్నీ ఒక్కసారిగా పల్లానికి పరిగెత్తాయి. ఆ నీళ్ళ వెంటే కొర్రమేను.

"ఓలమ్మో! దొరగారు లేసిపోనాడు!"

"అరవకు, పట్టు!"

కన్నారావు వంగాడు. చేప ఆయన రెండు కాళ్ళ మధ్య నుంచి జారిపోయింది. తిరిగి అందుకోబోయి, కాలు జారి, తడి రాళ్ళ మీద కూర్చుండిపోయాడు. కొర్రమేను ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి ఎగిరింది. తోకతో కొట్టింది, నీళ్ళ పాయలో పడి బాణంలా దూసుకుపోయింది. కిళ్ళీ బడ్డీ కింద దూరింది. అవతల తేలింది. ఎక్కడినుంచో పసుపురంగు కుక్క ఒకటి చెవులు నిక్కించి లేచింది.

సూర్యావతి పరిగెత్తింది. నడుము మీద బుట్ట అలాగే ఉంది. కొర్రమేను ముందు, కుక్క పక్కన, తను వెనక. సందు కిందన మురుగు కాలవ నోరు తెరుచుకుని ఉంది. దాంట్లో పడిందా, ఇక పులుసూ లేదు, గదీ లేదు.

ఆలోచించలేదు. గొడుగును తలకిందులుగా తిప్పి, కాలవకీ చేపకీ మధ్య నేల మీద పరిచినట్టు విసిరింది. కొర్రమేను నేరుగా వచ్చి గొడుగులో పడింది. కుక్క కూడా పడబోయింది. సూర్యావతి గొడుగు కామ పట్టుకుని పైకి లాగేసరికి, వాననీళ్ళూ చేపా కలిసి గొడుగులో, కుండలో ఉన్నట్టు నిలిచాయి.

బడ్డీ దగ్గర నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"సూసినావా మావా!" సూర్యావతి రొప్పుతూనే నవ్వింది.

"సూసినాను. నాను పడిపోయింది నువ్వు సూసినావా?"

"సూసినాను. లెగు."

గోడ వారన పూలమ్ముకునే ఆవిడ తన నీళ్ళ బకెట్టులోంచి పూలు తీసి గంపలో పెట్టి, నీళ్ళతో సహా బకెట్టు ముందుకి జరిపింది. "ఇందులో వెయ్యి, అక్కా. తర్వాత తెచ్చివ్వు. ఏటిలో వదలడానికేనా? పెద్ద పుణ్యం. రోజు చూసుకుని మరీ తెచ్చావు."

సూర్యావతి చేపను బకెట్టులోకి జార్చింది. "ఏం రోజు?"

"అదేంటి! ఈరోజు లబ్యే కదా."

లబ్యే. నిండు పౌర్ణమి.

సూర్యావతి చేతిలోంచి గొడుగు జారిపోయింది. చేపలావిడ పెట్టిన దణ్ణం, పగోడా దగ్గరి జనం, మట్టిరంగు బట్టలు, అరటి గెలలు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఉపవాసాల రోజు అది. బతికున్న చేపను కొని నీళ్ళలో వదిలి పుణ్యం కట్టుకునే రోజు. ఊరంతా తనని చూసి అదే అనుకుంది.

నెమ్మదిగా మొగుడివైపు తిరిగింది.

"మావా. పౌర్నమి ఎప్పుడన్నావు?"

"సెనోరం."

"ఎవుళ్ళు సెప్పినారు?"

"గుళ్ళో పంతులుగారు. దగ్గరుండి లెక్కేయించినాను."

"గుళ్ళో పంతుల్నెందుకడిగినావు?"

"పౌర్నమి సంగతి పంతుల్ని కాక పోలీసోడినడగాలేటి?"

"మన పౌర్నమి కాదయ్యా! సయామా పౌర్నమి! ఆళ్ళ లెక్క ఏరు, మన లెక్క ఏరు!"

"సెందురుడు ఒకడే గదే!"

చంద్రుడు ఒకడే. లెక్కలే రెండు. మామూలుగా రెండూ కలిసే నడుస్తాయి. ఎప్పుడో ఒక నెల ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. అమ్మవారి పండగకి తమ లెక్క, దీపాల పండగకి బర్మా లెక్క అని ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసే, సయామా నోటి వెంట వచ్చిన పౌర్ణమిని గుడికి పట్టుకెళ్ళి అడిగి వచ్చారు. ఎవరి పౌర్ణమి అని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అంటే ముందు రోజు నిన్ననే. సయామా నిన్న భోజనానికి కూర్చుంది. కబురు పెట్టి గుర్తు చేసే మనిషి కాదు. ఇక ఈ పొద్దున్న...

"తాళం!" అంది సూర్యావతి. బకెట్టు తనే అందుకుంది. "మావా, పరిగెత్తు!"

"మోకాలే..."

"దాన్ని ఎనక రమ్మను!"

సయామా ఇంటి తలుపు తీసే ఉంది. గుమ్మం అవతల కో జో చెప్పులు జతగా పెట్టి ఉన్నాయి.

లోపల సయామా మట్టిరంగు బట్టల్లో, నిటారుగా కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా బల్ల మీద పళ్ళెం. పళ్ళేనికి ఒక పక్క ఇత్తడి తాళం చెవి. దానికి జానెడు దూరంలో కో జో చెయ్యి.

"సయామా!"

ఆవిడ తల తిప్పి చూసింది. తడిసి ముద్దయిన సూర్యావతిని, నడుము మీద బుట్టను, చేతిలో బకెట్టును, వెనకాల కుంటుతూ వచ్చిన కన్నారావును.

"నిన్న పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నాను," అంది. గొంతు పెంచలేదు. "వస్తావనుకుని వేరే కూర వండించలేదు. చివరికి ఉప్పు చల్లుకుని తిన్నాను."

అప్పుడే బకెట్టులో కొర్రమేను ఎగిరి నీళ్ళు చిందించింది. కో జో తొంగి చూసి, మొహమంతా నవ్వు చేసుకున్నాడు. వాడు చెడ్డవాడు కాదు.

"చూడండి సయామా, ఎంత పెద్దదో! వదలడానికి తెచ్చారు."

సయామా మొహంలో ఏదో మెత్తబడింది. "పౌర్ణమి అని గుర్తుంచుకుని తెచ్చావా?"

"అవునను," కన్నారావు వెనకనుంచి తెలుగులో గొణిగాడు. "సూరీ, అవునను. ఒక్క మాట. అవునను."

ఒక్క మాటే. ఆ మాట అంటే గది దొరకొచ్చు. సూర్యావతి నోరు తెరిచింది. కొర్రమేను నీళ్ళలోంచి తన వైపే చూస్తున్నట్టనిపించింది.

"కాదు సయామా. మీకు పులుసు పెట్టడానికి తెచ్చాను. పౌర్ణమి రేపనుకున్నాను. ఇంటికి పట్టుకెళ్ళి కోసేద్దామని పరిగెత్తుతున్నాను. దారిలో పూలమ్మే ఆవిడ చెబితే తెలిసింది."

కన్నారావు నుదురు కొట్టుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"రేపని ఎవరు చెప్పారు?"

"మా గుడి పంతులుగారు."

"తప్పు చెప్పారు."

"లేదు సయామా. ఆయన మా లెక్క చెప్పారు, అది సరైనదే. ఎవరి లెక్క కావాలో మేమే అడగలేదు."

సయామా కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. "లెక్క సరిగ్గా చేశావు. ప్రశ్న తప్పు రాసుకున్నావు," అంది. "దానికి నేను ఎప్పుడూ మార్కులు వెయ్యలేదు."

తాళం చెవిని వేలితో కో జో వైపు జరిపింది.

అయిపోయింది. సూర్యావతి కళ్ళు ఆ తాళం మీంచి పక్కనున్న పళ్ళెం మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయాయి. పళ్ళెంలో పొద్దున్న భిక్షువులకి వండిన అన్నం, చల్లారినది. దాని పక్కన ఒక అరటిపండు. ఇంకేమీ లేదు.

"అదేనా మీ భోజనం?"

"మేనకోడలు తాకేటా నుంచి కూర తేవాలి. వానకి బస్సు వంతెన అవతల ఆగిపోయిందట. పౌర్ణమి ఉపవాసం కదా, పన్నెండు దాటితే ఇక రేపు పొద్దుటి దాకా తినను. ఇది చాలు."

సూర్యావతి గోడ గడియారం వైపు చూసింది. పెద్ద ముల్లు పైకెక్కుతోంది. అంత వేగంగా ఎక్కడం ఆమె ఎన్నడూ చూడలేదు. వంటగదిలోకి తొంగి చూసింది. కుంపటిలో టీ కోసం వేసిన బొగ్గులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"చాలదు," అంది. "నిన్న ఉప్పూ అన్నం, ఈరోజు అరటిపండూ అన్నమా? రెండు రోజులూ నా మూలంగానే? తాళం అతనికే ఇచ్చుకోండి సయామా. ఈ అన్నం మాత్రం ఇలా తినకండి."

సమాధానం కోసం ఆగలేదు. బుట్ట వంటగదిలో దించింది. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు ఒంపి చింతపండు నానేసింది. ఈ దేశంలో ఏ ఇంట్లోనైనా ఫ్లాస్కు నిండా వేడినీళ్ళుంటాయి, ఆ రోజు ఆ వేడినీళ్ళే ఆమెను కాపాడాయి. ములక్కాడలు వేళ్ళ పొడుగున ఖణ్‌ఖణ్‌మని తెగాయి. వంకాయలు నాలుగు పక్షాలుగా చీలాయి. చిన్న ఉల్లిపాయలు ఒలిచి అలాగే గుండుగా.

"కన్నారావూ," అంది సయామా కుర్చీలోంచే. "ఆ చేపను పట్టుకెళ్ళి ఏటిలో వదిలిరా."

"ఏటికా!" కన్నారావు బకెట్టు వైపు, మోకాలి వైపు, పెళ్ళాం వైపు చూశాడు. "బజారు కాడ్నుంచి ఇక్కడి దాకా మోసినాను. ఇప్పుడు మళ్ళీ దింపి రావాలేటి?"

"ఎల్లు మావా! పున్నెం నీకే!"

ఆయన వెళ్ళాడు. గుమ్మం దాటుతూ బకెట్టుతో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు.

బొగ్గుల మీద బూడిద కమ్ముకుంటోంది. సూర్యావతి విసనకర్ర కోసం వెతికింది. రెండు చేతులూ చింతపండు గుజ్జులో ఉన్నాయి.

"కో జో," అంది సయామా. "ఊరికే కూర్చోకు. విసురు."

కో జో తాళం చెవి వైపు చూశాడు. గడియారం వైపు చూశాడు. పాపం, లేచి వచ్చి కుంపటి ముందు గొంతుక్కూర్చుని విసరడం మొదలుపెట్టాడు. నిప్పురవ్వలు లేచాయి. నూనె కాగింది. ఆవాలు చిటపటలాడి, మెంతులు ఎర్రబడి, ఎండుమిరప నల్లబడే ఆ ఒక్క క్షణంలో కరివేపాకు పడింది. ఘాటు ఇల్లంతా కమ్ముకుంది. కో జో తుమ్మాడు. తుమ్ముతూ విసిరాడు.

"గట్టిగా! ఇంకా గట్టిగా!"

"చెయ్యి పోతోంది అక్కా!"

"ఫోన్లు విప్పే చెయ్యి కదా, ఏం కాదు. విసురు!"

ఉల్లిపాయలు మగ్గాయి. ములక్కాడలు, వంకాయలు, పసుపు, ఉప్పు, కారం. చింతపండు పులుసు పోసేసరికి భుస్సుమని ఆవిరి లేచింది. మూత పెట్టింది. గడియారం చూసింది. మూత తీసింది. వంకాయ గరిటెతో నొక్కింది. ఇంకా గట్టిగానే ఉంది. మూత పెట్టింది. ఊరంతా పరిగెత్తిన మనిషికి ఇప్పుడు నిలబడటమే కష్టంగా ఉంది. కో జో రెండు చేతులతో విసురుతున్నాడు, ఏదో తన సొంత వంట అన్నట్టు.

గోడ మీద ముళ్ళు రెండూ దగ్గర పడుతున్నాయి.

"తియ్యి," అంది సయామా.

"ఇంకొక్క ఉడుకు."

"నేను చెబుతున్నాను, తియ్యి."

"చెప్పకండి సయామా. ఇది నా లెక్క."

ఆ మాట ఎలా వచ్చిందో సూర్యావతికే తెలియదు. కో జో విసరడం ఆపేశాడు. కుంపటి మీద పులుసు ఒక్కసారి కుతకుతమని పొంగి, చిక్కబడి, నూనె పైకి తేలింది. సూర్యావతి గిన్నె దించింది, వేడి వేడిగా అన్నం మీద పోసింది.

సయామా మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. మొహంలో ఏమీ కనిపించలేదు. రెండో ముద్ద. ములక్కాడ తీసుకుని పళ్ళతో లాగింది, పిప్పి పళ్ళెం అంచున పెట్టింది. ఇంకో ముక్క తీసుకుంది. అన్నం అయిపోయింది. పళ్ళెం ముందుకి జరిపింది. సూర్యావతి మారు వడ్డించింది. ఆవిడ తినే వేగం పెరిగింది. బడిలో గంట కొట్టేలోపు ఆఖరి లెక్క పూర్తి చేసే పిల్లలా తింటోంది. కో జో అడక్కుండానే ఒక గిన్నె తెచ్చుకుని గుమ్మం పక్కన కూర్చున్నాడు. సూర్యావతి వాడికీ వేసింది.

ఆఖరి ముద్ద మింగి సయామా చెయ్యి కడుక్కుంది. గడియారం పన్నెండు కొట్టింది.

కో జో గిన్నె నాకుతున్న చప్పుడు ఒకటే.

"కో జో," అంది సయామా. "ఈరోజు నాకు ఆకలేస్తే నువ్వేం పెట్టేవాడివి?"

కో జో ఆలోచించాడు. "చార్జరు పెట్టేవాణ్ణి సయామా," అన్నాడు. నిజాయితీపరుడు.

ముందు నవ్వింది సయామానే. నిటారుగా కూర్చునే ఆ మనిషి భుజాలు ఊగిపోయేలా నవ్వింది. తర్వాత తాళం చెవి అందుకుని సూర్యావతి తడి చేతిలో పెట్టింది.

"వచ్చే లబ్యే దాకా ఇస్తున్నాను. ఆ రోజు మళ్ళీ మాట్లాడదాం. మా లబ్యే. మీ పంతులుగారిది కాదు."

సూర్యావతి వంగి దణ్ణం పెట్టబోతే సయామా కసిరింది. "కుంపటి ఆర్పు ముందు, బొగ్గు దండగ."

"తాళం పోయింది, కడుపు నిండింది," అన్నాడు కో జో లేస్తూ. "దేనికి ఏడవాలో తెలియడం లేదు."

అప్పుడే కన్నారావు వచ్చాడు. చొక్కా అంతా బురద, చేతిలో ఖాళీ బకెట్టు. "ఎల్లిపోనాది," అన్నాడు గుమ్మంలోనే. "ఇంత మోసినానా, ఒక్కపాలైనా ఎనక్కి తిరిగి సూడనేదు. తోకతో మొకం మీద కొట్టి మరీ ఎల్లిపోనాది." అప్పటికి పెళ్ళాం చేతిలోని తాళం కనిపించింది. "సూరీ! అదేటది?"

"తాళం మావా."

"ఎందుకిచ్చినారు? సేప నేదు గదే!"

"రా. ముందు షట్టరెత్తు."

షట్టరు ఒక పట్టాన లేవలేదు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కన్నారావు మోకాలు మర్చిపోయి కింద భుజం పెట్టాడు, కో జో కూడా ఒక చెయ్యి వేశాడు. "ఏలేలో!" అని రేవు కేక పెట్టేసరికి షట్టరు గడగడమంటూ పైకి లేచింది. ఆ మోత రాళ్ళ సందు పొడుగునా దొర్లింది. లోపల చీకటి, దుమ్ము, వెనక గోడకి కుళాయి. సూర్యావతి పులుసు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. అడుగున ఇంకా నాలుగు గరిటెలుంది.

మోతకి తల తిప్పిన వాళ్ళలో ఒకడు, వానకి చూరు కింద నిలబడ్డ మూటల కూలీ, ముక్కు ఎగరేసి వాసన చూశాడు. రాళ్ళ మీద జాగ్రత్తగా అడుగులేస్తూ దగ్గరికొచ్చాడు.

"కొత్త కొట్టా? ఏముంది?"

"ములక్కాడ పులుసు," అంది సూర్యావతి. "కూర్చోడానికి ఇంకా ఏమీ లేదు. నిలబడి తింటావా?"

వాడు చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.